బొగ్గు ఓడల దారిలో తిమింగలాలు

భిలాయి నుంచి సముద్రం రైలు దారిన ఐదు వందల కిలోమీటర్లకు పైనే. అయినా ఈ ఊరి ఉక్కు కొలిమి సముద్రాన్ని నమ్ముకునే మండుతోంది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచీ ఇనుప ఖనిజం దల్లీ రాజహరా కొండల నుంచి వస్తోంది. ఖనిజం దగ్గరలోనే దొరికింది గానీ కోకింగ్ బొగ్గుతోనే ఇబ్బంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, కోక్‌కు పనికొచ్చే రకం తక్కువ. అందుకే ఆస్ట్రేలియా బొగ్గు విశాఖ, గంగవరం రేవుల్లో దిగి, విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా గూడ్సు బళ్ళలో ఇక్కడికి చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు కొలువుల కోసం ఈ ఊరికి వచ్చి స్థిరపడిందీ ఆ రైలు దారినే.

ఆ ఓడలు ఏం మోసుకొస్తున్నాయో మనకు టన్నుల లెక్కన తెలుసు. నీటి కింద ఏం వదిలిపోతున్నాయో అడిగేవాళ్ళు తక్కువ. ఓడల మోత, యుద్ధనౌకల సోనార్, చమురు అన్వేషణ పేలుళ్ళు తిమింగలాలకూ చేపలకూ కంటికి కనపడని ప్లవకాలకూ ఏం చేస్తున్నాయన్న విషయం మీద యాభై ఏళ్ళుగా పరిశోధన పోగుపడుతూ వచ్చింది. 2021లో కార్లోస్ డువార్టే బృందం ‘సైన్స్’ పత్రికలో రాసిన సమీక్ష కోసం పదివేలకు పైగా పత్రాలను జల్లెడ పట్టింది. ఆ పోగులో గట్టిగా రుజువైనదేది, సగం రుజువైనదేది, ఇంకా తగువు తేలనిదేది అని విడదీసి చూడాలి. ఆ పని ఉక్కు ఊళ్ళో కూర్చుని చేయడం నాకు సబబుగానే తోస్తుంది. మోత చెవిని ఏం చేస్తుందో చెప్పగల పెద్దలు ఇక్కడ వీధికి ఒకరైనా ఉంటారు.

నీటిలో వెలుగు ఎంతో దూరం పోదు. కొన్ని వందల మీటర్ల లోతు దాటితే చీకటే. శబ్దం అలా కాదు. గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే ధ్వని, సముద్రపు నీటిలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. పైగా తక్కువ పౌనఃపున్యపు ధ్వని నీటిలో అంత తొందరగా ఇంకిపోదు. లోతుల్లో ఉష్ణోగ్రత, పీడనం కలిసి ఒక పొరను ఏర్పరుస్తాయి. అందులో చిక్కిన శబ్దం పైకీ కిందికీ చెదరకుండా వేల కిలోమీటర్లు సాగుతుంది. 1940లలో అమెరికా శాస్త్రవేత్త మారిస్ యూయింగ్ ఈ పొర సంగతి తేల్చాడు. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ దీవి దగ్గర నీటిలోకి వదిలిన ధ్వనిని అట్లాంటిక్‌లోనూ పసిఫిక్‌లోనూ విన్నారు. ఇలాంటి లోకంలో పుట్టిన ప్రాణి కంటి కన్నా చెవిని నమ్ముకోవడం సహజం. తోడు వెతుక్కోవడం, బిడ్డను పిలవడం, తిండి జాడ పట్టడం, శత్రువును పసిగట్టడం, అన్నీ వినికిడితోనే.

ఇక్కడ డెసిబెల్స్ గురించి ఒక హెచ్చరిక అవసరం. ఓడ 190 డెసిబెల్స్ మోత చేస్తుందని చదవగానే జెట్ విమానంతో పోల్చేసే వార్తలు కనిపిస్తుంటాయి. ఆ పోలిక తప్పు. గాలిలో కొలతకు పునాది 20 మైక్రోపాస్కల్స్, నీటిలో ఒకే ఒక్క మైక్రోపాస్కల్. దానికి తోడు నీటి సాంద్రత వేరు. రెండూ కలిపితే ఒకే తీవ్రత ఉన్న ధ్వనికి నీటిలో అంకె దాదాపు 62 ఎక్కువ వస్తుంది. సమస్య పెద్దదే. దాన్ని తప్పు అంకెతో ఇంకా పెద్దది చేసి చూపితే మేలు జరగదు, నమ్మకం పోతుంది.

మోత నిజంగా పెరిగిందా? ఈ ప్రశ్నకు మంచి జవాబు అమెరికా నౌకాదళపు పాత రికార్డుల్లో దొరికింది. కాలిఫోర్నియా తీరంలో శాన్ నికోలస్ దీవి దగ్గర 1964–66లో కొలిచిన నేపథ్య ధ్వనిని, అదే చోట 2003–04లో కొలిచినదానితో మెక్‌డొనాల్డ్, హిల్డెబ్రాండ్, విగిన్స్ 2006లో పోల్చి చూశారు. తక్కువ పౌనఃపున్యాల్లో 10 నుంచి 12 డెసిబెల్స్ పెరుగుదల కనిపించింది. అంటే ధ్వనిశక్తి పది రెట్లకు పైగా పెరిగిందన్నమాట. కారణం వాణిజ్య ఓడలే అని వాళ్ళ అంచనా. అన్ని సముద్రాల్లోనూ ఇదే వేగంతో పెరిగిందని చెప్పడానికి లేదు. బంగాళాఖాతంలో అంత పాత కొలతలు బయటికి వచ్చి ఉంటే పోల్చుకునే వీలుండేది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మన తీరపు లోతు తక్కువ నీళ్ళలో హైడ్రోఫోన్లు (నీటి కింద వినే మైకులు) దింపి గాలి, వాన, ఓడల చప్పుళ్ళను నమోదు చేస్తూ వచ్చింది గానీ, ఆ లెక్కలను తిమింగలాల బతుకుతో కలిపి చదివే పని తగినంతగా సాగలేదు.

ఓడల మోత చేసే కీడులో అన్నిటికన్నా గట్టిగా రుజువైనది పిలుపులు మునిగిపోవడం. నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం, రైట్ వేల్, హంప్‌బ్యాక్ వంటి పెద్ద తిమింగలాలు మాట్లాడుకునే స్వరస్థాయి, పెద్ద ఓడలు మోత చేసే స్థాయి దాదాపు ఒకటే. అమెరికా తూర్పు తీరంలో స్టెల్‌వేగన్ బ్యాంక్ దగ్గర రైట్ వేల్స్ ఒకదాన్నొకటి వినగలిగే పరిధి, ఓడల మోత లేని రోజులతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులు కుంచించుకుపోయిందని 2012లో లీలా హాచ్ బృందం లెక్కగట్టింది. ఆ జాతిలో మిగిలినవి నాలుగు వందలకు కాస్త అటూ ఇటూ. అంత పలచబడ్డ జాతికి తోడు దొరకడం, తల్లీపిల్లా విడిపోకుండా ఉండడం పిలుపు మీదే ఆధారపడి ఉంది. అవి ఊరుకోలేదు కూడా. పిలుపు స్వరాన్ని పైకి జరిపాయి, గొంతు పెంచాయి. వాషింగ్టన్ తీరపు కిల్లర్ వేల్స్ చుట్టూ మోత ఒక డెసిబెల్ పెరిగితే అవీ తమ పిలుపును దాదాపు ఒక డెసిబెల్ పెంచుతున్నాయని మార్లా హోల్ట్ బృందం 2009లో చూపింది. జపాన్‌లోని ఒగసవారా దీవుల దగ్గర హంప్‌బ్యాక్‌లు మరో తీరు పట్టాయి. ఓడ దగ్గరగా సాగిపోతుంటే పాట ఆపేస్తున్నాయి.

మోత వాటి ఒంట్లో ఒత్తిడి పుట్టిస్తుందా అన్నదానికి దొరికిన సాక్ష్యం ఒక విషాదం వల్ల వచ్చింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్ని రోజులు కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. ఆ రోజుల్లోనే ఒక బృందం అక్కడి నీటి చప్పుళ్ళను నమోదు చేస్తోంది. మరొక బృందం రైట్ వేల్స్ మలాన్ని సేకరించి అందులోని హార్మోన్లను కొలుస్తోంది. ఇద్దరి లెక్కలనూ కలిపి రోజలిండ్ రోలాండ్ 2012లో ప్రచురించారు. మోత 6 డెసిబెల్స్ తగ్గింది, అంటే ధ్వనిశక్తి నాలుగో వంతుకు పడింది. ఒత్తిడి హార్మోన్లూ తగ్గాయి. తర్వాతి ఏళ్ళ సెప్టెంబరులలో ఆ తగ్గుదల కనిపించలేదు. ఇది ఒక్కసారి, ఒక్కచోట జరిగినది. అచ్చంగా ఇలాంటి పరీక్షను కావాలని మళ్ళీ జరపలేం. అందుకని దీన్ని సగం రుజువు గానే ఉంచుతాను. అయినా నా మనసును ఇంతగా పట్టుకున్న పరిశోధన మరొకటి లేదు. మోత ఆగితే అంత పెద్ద ప్రాణికి ఊపిరి ఆడినట్టయిందని హార్మోను లెక్క చెబుతోంది.

మన బొగ్గు సంగతికి వస్తే, భారత ఉక్కు కర్మాగారాలకు దిగుమతయ్యే కోకింగ్ బొగ్గులో పెద్ద వాటా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ది. బోవెన్ బేసిన్ గనుల్లో తవ్విన బొగ్గు మకాయ్ పట్టణానికి దక్షిణాన ఉన్న హే పాయింట్, డాల్‌రింపుల్ బే రేవుల్లో ఓడకెక్కుతుంది. అవి గ్రేట్ బారియర్ రీఫ్ లోపలి నీళ్ళు. అక్కడి చలికాలంలో అంటార్కిటికా నుంచి పైకి వచ్చే తూర్పు ఆస్ట్రేలియా హంప్‌బ్యాక్‌లు జతకూడి పిల్లల్ని కనేది ఆ ప్రాంతంలోనే. వాటికి అన్నిటికన్నా అనువైన చోట్లలో ఒకటి మకాయ్‌కి తూర్పున ఉందని పరిశోధకులు గుర్తించారు. 1962 దాకా సాగిన వేటలో కొన్ని వందలకు దిగజారిన ఆ జాతి ఇప్పుడు వేలకు వేలుగా కోలుకుంది. అది సంతోషించాల్సిన విషయం. మోత ఉన్నా కోలుకుంది కదా, ఇక బెంగ దేనికని అడిగేవాళ్ళూ ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఈటె దెబ్బతో పోల్చితే మోత చిన్న శత్రువే. కానీ సంఖ్య పెరిగిన చోట కనపడని కీడు, సంఖ్య పెరగని చోట ప్రాణాల మీదికి వస్తుంది. అరేబియా సముద్రంలో వలస పోకుండా ఏడాదంతా ఉండిపోయే హంప్‌బ్యాక్ గుంపు ఉంది. అందులో వందైనా మిగిలి ఉండవని అంచనా. వాటి జాతి పాట గోవా తీరంలో హైడ్రోఫోన్లకు చిక్కింది. లక్షద్వీప్‌లో కవరత్తి దగ్గర దివ్య పణిక్కర్ దింపిన పరికరాలు నీలి తిమింగలాల పాటను పట్టాయి. భిలాయి కర్మాగారాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ సెయిల్‌కు వాటా ఉన్న మొజాంబిక్ బెంగా గని బొగ్గు మన తూర్పు తీరానికి రావాలంటే శ్రీలంక దక్షిణాన దొండ్రా కొన మీదుగా తిరగాలి. నీలి తిమింగలాలు మేతకు చేరే చోటులోంచే ఆ ఓడల దారి పోతుంది. అక్కడ ఓడల తాకిడికి తిమింగలాలు చస్తున్నాయని ఆశా డి వోస్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2022లో ఎంఎస్‌సీ నౌకా కంపెనీ తన ఓడలను మరింత దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. ఓడలు పక్కకు జరిగితే తాకిడి తగ్గడంతో పాటు, మేత చోటు మీద పడే మోతా కొంత పలచబడుతుంది.

మోత ప్రాణం తీస్తుందని తేలిన సందర్భం ఓడలది కాదు, సోనార్‌ది. క్యువియర్స్ బీక్‌డ్ వేల్ అనే జాతి దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకు మునుగుతుంది, మూడు గంటలకు పైగా ఊపిరి బిగబట్టగలదు. 1996లో గ్రీసు తీరంలో నాటో సోనార్ పరీక్షలు జరిగిన రోజుల్లోనే ఇవి వరసగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2000 మార్చిలో బహామాస్‌లో 17 తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డున పడ్డాయి. దర్యాప్తు తర్వాత అమెరికా నౌకాదళమే తన సోనార్ కారణమై ఉండాలని ఒప్పుకుంది. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల్లో యుద్ధ విన్యాసాలు మొదలైన కొన్ని గంటలకే 14 బీక్‌డ్ వేల్స్ ఒడ్డుకు చేరాయి. వాటి శరీరాలను కోసి చూసినవాళ్ళకు రక్తనాళాల్లో, అవయవాల్లో గాలి బుడగలు కనిపించాయి. లోతు నుంచి తొందరపడి పైకొచ్చిన గజ ఈతగాళ్ళకు పట్టే జబ్బును అది పోలి ఉంది. అంటే చెవులు పగిలి కాదు, బెదిరి, మునక పద్ధతి తప్పి చచ్చిపోయాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సోనార్‌ను నిషేధించింది. ఆ తర్వాత అక్కడ అలాంటి సామూహిక మరణాలు ఆగాయి. కారణం తీసేస్తే కీడు ఆగిందన్నదానికి ఇంతకన్నా తేటతెల్లమైన సాక్ష్యం ఈ రంగంలో మరొకటి లేదు.

అలాగని ఒడ్డున పడ్డ ప్రతి తిమింగలాన్నీ మోత ఖాతాలో రాయకూడదు. 2016 జనవరిలో తమిళనాడులోని మణప్పాడు తీరంలో ఎనభై దాకా పైలట్ వేల్స్ కొట్టుకొస్తే, పత్రికలు రకరకాల కారణాలు ఊహించాయి. కానీ అదే తీరంలో 1973 జనవరిలోనూ వందకు పైగా పడ్డాయి. గుంపును విడవని స్వభావం, తీరపు వాలు, ముందు నడిచేదాని జబ్బు, ఇలా ఎన్నో కారణాలకు చోటుంది. మన తీరంలో తిమింగలం ఒడ్డున పడితే ఫోటోలు దిగి పాతిపెట్టేయడమే తప్ప లోపలి చెవి ఎముకను తీసి పరీక్షించడం ఆనవాయితీ కాలేదు. ఆ పని జరగనంత కాలం ఊహలకు అడ్డూ ఆపూ ఉండదు.

తిమింగలాల మీద పడ్డంత చూపు చేపల మీద పడలేదు. తీరపు కుటుంబాల కడుపు నింపేది చేపలే. చమురు, గ్యాస్ వెతికే ఓడలు ఎయిర్‌గన్‌లతో పది సెకన్లకు ఒకసారి చొప్పున, రోజుల తరబడి నీటిలో గాలి పేలుళ్ళు జరుపుతాయి. అడుగునున్న రాతి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి నిక్షేపాలను గుర్తిస్తాయి. 1990లలో నార్వే దగ్గర ఎంగోస్ బృందం జరిపిన పరీక్షలో, పేలుళ్ళు మొదలయ్యాక కాడ్, హాడక్ చేపల పట్టుబడి సగానికి సగం పడిపోయింది. ఆ ప్రభావం ముప్పై కిలోమీటర్ల దూరం దాకా కనిపించింది. చేపలు చావలేదు, పారిపోయాయి. 2017లో రాబర్ట్ మెకాలీ బృందం టాస్మేనియా దగ్గర ఒక్క ఎయిర్‌గన్ పేలుళ్ళకే 1.2 కిలోమీటర్ల దాకా ప్లవకాల చావులు రెండు మూడు రెట్లయ్యాయని ప్రకటించగానే లోకం ఉలిక్కిపడింది. రెండేళ్ళకు నార్వేలో ఫీల్డ్స్ బృందం మరో జాతి ప్లవకం మీద పరీక్షిస్తే పది మీటర్లు దాటాక చెప్పుకోదగ్గ కీడు కనపడలేదు. ఈ తగువు ఇంకా తేలలేదు. జాతి మారితే, నీరు మారితే ఫలితం మారుతోంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో బయటపడ్డ గ్యాస్‌కూ, 2024 జనవరిలో కాకినాడ తీరం దూరాన ఓఎన్‌జీసీ తీసిన చమురుకూ ముందు ఇలాంటి సర్వేలే నడిచాయి. కోనసీమ మత్స్యకారులు తవ్వకాల వల్ల, పైపులైన్ల వల్ల వేట పోయిందని పోరాడి పరిహారం సాధించుకున్నారు. ఆ పరిహారం లెక్క వేట ఆగిన రోజులకు కట్టినది. పేలుళ్ళకు బెదిరిన చేప ఎన్నాళ్ళకు తిరిగొచ్చిందన్నది ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి. కాకినాడ, విశాఖల్లో చేపల పరిశోధన సంస్థలు ఉన్నాయి, పడవలున్నాయి, అనుభవం పండిన వేటగాళ్ళు ఉన్నారు.

మన దేశపు జలాల్లో మోత మీద జరిగిన మంచి పరిశోధన సముద్రంలో కాదు, గంగలో జరిగింది. గంగా డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు. టిక్కు టిక్కుమని శబ్దాలు వదిలి, వాటి ప్రతిధ్వనితోనే బురద నీటిలో దారి చూసుకుంటుంది. దాన్ని 2009లో జాతీయ జలచరంగా ప్రకటించాం. అదే గంగను హల్దియా నుంచి అలహాబాద్ దాకా ఒకటో నంబరు జాతీయ జలమార్గంగా మార్చాం. ఫరక్కా విద్యుత్ కేంద్రానికి 2013 నుంచి దిగుమతి బొగ్గు బార్జీల్లో వెళ్ళింది. బీహార్‌లో మయూఖ్ డే, జగదీశ్ కృష్ణస్వామి, తదామిచి మోరిసాకా, నచికేత్ కేల్కర్ కలిసి 2019లో ప్రచురించిన పరిశోధన చెప్పేదేమంటే, మరపడవల రాకపోకలు పెరిగినకొద్దీ డాల్ఫిన్లు తమ శబ్దాల తీరు మార్చుకుని ఎక్కువ శక్తి ఖర్చు చేయాల్సి వస్తోంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఈ భారం ఇంకా పెరుగుతోంది. నీటి మట్టానికీ మోతకూ ముడిపెట్టి చూసిన ఆ తీరు నాకు గొప్పగా తోచింది. ఇలాంటి చూపే చిలికా మీదా పడాలి. సాతపడా దగ్గర ఇరావదీ డాల్ఫిన్లను చూపించే మరపడవలు వాటి వెంటే తిరుగుతాయి.

ఇంత తెలిశాక ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న కాదు. ఓడ మోతలో సింహభాగం ప్రొపెల్లర్ దగ్గర పుడుతుంది. రెక్క వేగంగా తిరిగినప్పుడు వెనక పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు చితికినప్పుడు పుట్టేదే ఆ హోరు. దీన్ని కేవిటేషన్ అంటారు. అది రెక్కలను తినేస్తుందనీ ఇంధనం వృథా అవుతుందనీ ఇంజనీర్లు 1890ల నుంచీ దానితో పోరాడుతున్నారు. విశాఖలో 1969లో మొదలైన నౌకాదళ సాంకేతిక ప్రయోగశాలలో దీనికోసమే కేవిటేషన్ టనెల్ ఉంది. అదే విశాఖలో 2014 ఆగస్టు 23న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కమోర్తా, శత్రు జలాంతర్గామికి వినపడకుండా నడవాలని కట్టిన ఓడ. దాని ఉక్కు సెయిల్‌ది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కు వాడిన ప్రత్యేక ఉక్కు పలకలు బొకారో, రూర్కెలాతో పాటు మా భిలాయి నుంచి కూడా వెళ్ళాయి. ఓడను నిశ్శబ్దంగా నడిపే విద్య మనకు లేదని ఎవరూ అనలేరు. అవతల వినే శత్రువు ఉన్నప్పుడు ఆ విద్యను వాడుతున్నాం. వినేది తిమింగలం అయినప్పుడు కూడా వాడమని అడగడం అత్యాశ కాదు.

కొత్త ప్రొపెల్లర్ దాకా పోనక్కరలేదు. వేగం పది శాతం తగ్గిస్తే ఓడలు వదిలే ధ్వనిశక్తి దాదాపు 40 శాతం తగ్గుతుందని 2019లో రసెల్ లీపర్ లెక్కగట్టాడు. ఇంధనమూ కలిసొస్తుంది, పొగా తగ్గుతుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో మోత తగ్గించే మార్గదర్శకాలు ఇచ్చి 2023లో సవరించింది. పాటించి తీరాలన్న నిబంధన మాత్రం వాటిలో లేదు. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మనం 1995లో ఆమోదించాం. సముద్ర కాలుష్యానికి అది ఇచ్చిన నిర్వచనంలో పదార్థాలతో పాటు శక్తి కూడా ఉంది. ధ్వని శక్తే. అయినా మన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్ద ప్రాంతాలను విభజించాయి గానీ సముద్రాన్ని తలవలేదు. ఫ్యాక్టరీల్లో మటుకు చట్టం స్పష్టంగా ఉంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. మోత వల్ల వచ్చే చెవుడు ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. ఆ హద్దు దానంతట అది రాలేదు. మోత పనిలో భాగమేనని సర్దుకుపోయిన రోజులు పోయి, దాన్ని కొలవడం, యంత్రం దగ్గరే అణచడం నేర్చుకున్నాక వచ్చింది.

సముద్రంలోనూ కొలతతోనే మొదలుపెట్టాలి. వాంకూవర్ రేవు 2017 నుంచి మోత తక్కువ చేసే ఓడలకు రేవు రుసుములో రాయితీ ఇస్తోంది. కిల్లర్ వేల్స్ తిరిగే హారో జలసంధిలో ఓడలను నెమ్మదిగా పొమ్మని అడిగి, ఎంత మోత తగ్గిందో హైడ్రోఫోన్లతో చూస్తోంది. చాలా ఓడలు తమంతట తామే ఒప్పుకుని వేగం తగ్గించాయి. విశాఖ, గంగవరం రేవులు ఇలాంటి రాయితీ పెట్టగలవు. అంతకన్నా దగ్గరి దారి సెయిల్ చేతిలో ఉంది. బొగ్గు తెచ్చే ఓడను కుదుర్చుకునే ఒప్పందంలో రెండు షరతులు రాయవచ్చు: అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మోత తగ్గించే ప్రణాళిక ఉన్న ఓడకు మొగ్గు, జూలై నుంచి సెప్టెంబరు దాకా మకాయ్ ముందున్న నీళ్ళలో వేగానికి హద్దు. బొగ్గు నిల్వను ముందుగానే లెక్కవేసుకునే కర్మాగారానికి ఓడ కొన్ని గంటలు ఆలస్యమైతే కొలిమి ఆరిపోదు.